నాలుగు భాషలు, ఆరు కుర్చీలు

“అన్నా, ఓ చిన్న కాల్ సెంటర్ పెట్టాలనుకుంటున్నా. ఎంతవుతుంది?”

హోసూరు బస్టాండు దగ్గరి టీ కొట్లలో, శూలగిరి సంతలో, పెళ్లిభోజనాల బంతిలో ఈ ప్రశ్న ఈమధ్య తరచుగా వినబడుతోంది. అడిగేవాళ్లలో కొందరు రోజూ అత్తిబెలె దాటి ఎలక్ట్రానిక్ సిటీకి పోయి, రాత్రికి ఒళ్లు హూనమై తిరిగొచ్చే కుర్రవాళ్లు. కొందరు బిడ్డ పుట్టాక ఉద్యోగం మానేసి, మళ్లీ ఏదో ఒకటి చెయ్యాలని తపించే ఆడపిల్లలు. ఉన్న ఊళ్లోనే నిలబడి నలుగురికి పని కల్పించాలన్న ఆ కోరిక నాకెంతో నచ్చుతుంది. అందుకే ఈసారి మన కబుర్లు దాని గురించే. ఇలా దగ్గరికి జరగండి. డబ్బు సంగతులు తొందరలో మాట్లాడుకునేవి కావు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ వ్యాపారానికి అసలైన పెట్టుబడులు రెండు. ఒకటి, మన పిల్లల నోట్లో ఉన్న భాషలు. రెండు, మూడు నెలలపాటు జీతాలు ఆపకుండా ఇవ్వగలిగిన రొక్కం. మొదటిది అమ్మ దగ్గర, వీధిలో, సంతలో ఊరికే వచ్చింది. రెండోది చేతికి అందేదాకా గది అడ్వాన్సు కూడా కట్టకండి.

భాషల మాట ఎందుకెత్తానంటే, మనం ఉన్న చోటు అలాంటిది. తమిళనాడులో 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుంచి విడిపోయిన మన కృష్ణగిరి జిల్లాకు పడమట కర్ణాటక, ఉత్తరాన ఆంధ్ర. బేరిగలోనో తళిలోనో పుట్టిన పిల్ల ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడుతూ పెరుగుతుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకైతే హిందీ కాల్స్ కూడా చేతిలో పనే. 2024 జూన్‌లో మన ఎంపీ కె. గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేస్తే బయటివాళ్లు ఆశ్చర్యపోయారు. మొరసునాడనే ఈ సరిహద్దు సీమలో పుట్టినవాళ్లకు అందులో వింతేముంది? బెంగళూరులో ఒక కంపెనీ మూడు భాషలకు ముగ్గురిని పెట్టుకునే పనిని, ఇక్కడ ఒక్క కుర్చీలో ఒక్క మనిషి చేసేస్తుంది.

ఒక మధ్యాహ్నం నేను చూసింది చెబుతాను. బాగలూరు రోడ్డులో ఎరువుల కొట్టు పైన ఒక గది. డ్రిప్ సామాన్లు అమ్మే డీలర్ల తరఫున రైతుల ఫోన్లు తీసుకునే చోటు. కుప్పం పక్కనుంచి ఒక పెద్దాయన లైన్లోకి వచ్చాడు. “మోటారు ఏస్తే ఫిల్టరు కాడ నీళ్లు చిమ్ముతా ఉండాయి మా” అన్నాడు. ఆ అమ్మాయి తడుముకోలేదు. “ముందు మోటారు ఆపు పెదనాయనా. ఆపినావా? ఇప్పుడు పైన మూత తిప్పి తియ్యి. లోపల నల్ల రబ్బరు వాషరు ఉంటుంది చూడు, దానికి ఇసక పట్టుకోనుంటే కడిగి, సరిగ్గా కూచోబెట్టి బిగించు. నేను లైన్లోనే ఉంటా” అంది. ఆయన బిగించి, మోటారు వేసి, “నిల్చింది మా” అనేదాకా ఉంది. వెంటనే కావేరిపట్నం నుంచి తమిళంలో ఇంకొకరు, ఆ తర్వాత ఆనేకల్ నుంచి కన్నడంలో మరొకరు. గొంతు మారలేదు, విసుగు రాలేదు.

ఆమె ముందున్న కాగితం మీదికి తొంగి చూశాను. సమాధానాలన్నీ తెలుగు మాటలే, రాసుకున్నది మాత్రం తమిళ అక్షరాల్లో. 2006 చట్టంతో బళ్లలో తమిళం తప్పనిసరి అయ్యాక, ఇక్కడ తెలుగు చదువుకునే పిల్లలు తగ్గిపోయారు. చదవడం, రాయడం రాని ఆ తెలుగే ఇవాళ ఆ పిల్ల ఇంటికి జీతం తెస్తోంది. ఆ కాగితం చూసినప్పుడు కలిగిన సంతోషం, బాధ రెండూ నాకింకా మనసులోనే ఉన్నాయి.

ఉన్న ఊళ్లోనే ఇలాంటి పని నడపడం మన జిల్లాకు కొత్త ఆలోచనేమీ కాదు. 2008 ప్రాంతంలో, డాక్టర్ సంతోష్ బాబు కలెక్టరుగా ఉన్న కాలంలో, జిల్లా యంత్రాంగమే ‘ఫాస్టెరా’ అనే పేరుతో గ్రామీణ బీపీఓ పెట్టించింది. పల్లె పిల్లలకు కంప్యూటరు, ఇంగ్లీషు నేర్పి, పట్నం కంపెనీల పని ఊళ్లోకే రప్పించాలన్నది దాని ఉద్దేశం. ఆ తర్వాత 2010లో తమిళనాడు ప్రభుత్వం గ్రామీణ బీపీఓల కోసం ప్రత్యేక విధానమే ప్రకటించింది. పక్కనే కర్ణాటకలో, తెలుగు ఇంటింటా వినబడే బాగేపల్లిలో, రూరల్‌షోర్స్ అనే సంస్థ తన మొదటి కేంద్రం తెరిచింది. దాన్ని నడిపించిన మురళి ఉల్లగంటి మన తెలుగువారే. అంతకుముందే పశ్చిమ గోదావరి జల్లికాకినాడలో బైర్రాజు ఫౌండేషన్ ‘గ్రామ్ ఐటీ’ పేరుతో ఊరి పిల్లల చేత కంపెనీల పని చేయించింది. ఆ ఫౌండేషన్‌కు వెన్నుదన్ను సత్యం కంప్యూటర్స్ కంపెనీని నడిపిన కుటుంబం. 2009 జనవరిలో సత్యం కూలేసరికి ఫౌండేషన్‌కు కష్టకాలం వచ్చింది.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు రెండు సంగతులు కనిపిస్తాయి. పల్లె పిల్లలు ఈ పని చెయ్యగలరా అన్న అనుమానం పదిహేనేళ్ల కిందటే తీరిపోయింది. ఇక రెండోది, పని తెచ్చే చెయ్యి ఒక్కటే అయితే ఆ చెయ్యి ఆగిన రోజున అన్ని కుర్చీలూ ఖాళీ. కలెక్టరు బదిలీ అవుతారు, పెద్ద కంపెనీ కూలిపోతుంది, పథకం గడువు ముగుస్తుంది. కాబట్టి చిన్నగా మొదలుపెట్టేవాళ్లు మొదటి ఏడాదిలోనే ఇద్దరు ముగ్గురు ఖాతాదార్లను సంపాదించుకోవాలి. ఏ ఒక్కరి నుంచీ ఆదాయంలో సగానికి మించి రాకుండా చూసుకోవాలి.

ఇక లెక్కలోకి వద్దాం. ఆరు కుర్చీలు అనుకుందాం. ఇవి నా ఉజ్జాయింపు అంకెలు, మీ వీధి ధరలతో సరిచూసుకోండి. వాడిన కంప్యూటర్లు బెంగళూరు ఎస్పీ రోడ్డులో వారంటీతో దొరుకుతాయి. ఒక్కోటి 15,000 అనుకుంటే ఆరింటికి 90,000. హెడ్‌సెట్లకు 12,000. బల్లలు, కుర్చీలకు 36,000. యూపీఎస్, బ్యాటరీలకు 50,000. గది అద్దె నెలకు 10,000, అడ్వాన్సు ఆరు నెలలకు 60,000. వైరింగు, రూటర్లకు 20,000. రిజిస్ట్రేషన్లు, ఫ్యాన్లు, బోర్డు, చిల్లరమల్లర కలిపి ఇంకో 20,000. వెరసి 2,88,000.

నెలనెలా అయ్యే ఖర్చు చూద్దాం. ఆరుగురికి 14,000 చొప్పున 84,000, టీమ్ లీడరుకు 20,000, అద్దె 10,000, కరెంటు, ఇంటర్నెట్ 10,000, ఫోన్ సర్వీసు 15,000, టీ నీళ్లు, చీపురు, దీపం 5,000. మొత్తం 1,44,000. మూడు నెలలకు 4,32,000. సామానూ ఇదీ కలిపితే 7,20,000. గమనించారా? నూటికి అరవై రూపాయలు ఆ మూడు నెలల నడకకే. మన కుర్రవాళ్లు ఎక్కడ దెబ్బతింటున్నారంటే ఇక్కడే. ఏడు లక్షలు చేతిలో ఉంటే పదిహేను కుర్చీలు, అద్దాల గోడ, ఏసీ పెట్టేస్తారు. మొదటి బిల్లు డబ్బులు రావడానికి రెండు నెలలు పడుతుంది. ఈలోపు జీతాలకు బంగారం తాకట్టులోకి పోతుంది.

ఇదే లెక్కలో ఒక్కో కుర్చీకి నెలకు 24,000 వస్తే ఖర్చు సరి. దానికి తక్కువకు ఎవరైనా పని ఇస్తామంటే, ఎంత పెద్ద పేరున్నా దణ్ణం పెట్టి వచ్చేయండి. ‘ముందు నష్టానికి చేద్దాం, తర్వాత రేటు పెంచుతారు’ అనే మాట నమ్మి నిలబడ్డవాళ్లను నేను చూడలేదు.

డబ్బు ఆదా చెయ్యాల్సిన చోటు, చెయ్యకూడని చోటు వేరు. సొంత ఎక్స్ఛేంజి పెట్టె కొననక్కర్లేదు. నెలవారీ అద్దెకు క్లౌడ్ టెలిఫోనీ దొరుకుతుంది, మన హైదరాబాద్ ఓజోన్‌టెల్ లాంటి సంస్థలు చాలా ఏళ్లుగా ఆ సేవ ఇస్తున్నాయి. కొంచెం సాంకేతికం తెలిసిన మనిషి మీ దగ్గర ఉంటే, ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ఇంటర్నెట్ వేగం గురించి కంగారు పడకండి. ఒక ఫోన్ కాల్‌కు ఒక్కో వైపు సెకనుకు వంద కిలోబిట్ల లోపే చాలు. కానీ లైన్లు రెండు ఉండాలి, రెండు వేర్వేరు కంపెనీలవి. రోడ్డు తవ్వకాల్లో ఒకటి తెగినా ఇంకొకటి నడవాలి. హెడ్‌సెట్ దగ్గర మాత్రం పీనాసితనం వద్దు. పక్క కుర్చీ మాటలు అవతలివాళ్ల చెవిలో పడితే, మీ గదిలో ఎంత మర్యాదగా మాట్లాడినా సంతగోలే వినిపిస్తుంది.

అన్నట్టు, ఒక శుభవార్త చాలామందికి తెలియదు. ఒకప్పుడు కాల్ సెంటర్ పెట్టాలంటే టెలికాం శాఖ దగ్గర నమోదు కావాలి. ఇంటి నుంచి పని చేయించాలంటే భారీ బ్యాంకు గ్యారంటీలు చూపాలి. 2020 నవంబరు 5న ఆ నమోదు తీసేశారు. 2021 జూన్‌లో నిబంధనలను ఇంకా సడలించారు. డెంకణికోటలో పసిబిడ్డను చూసుకునే తల్లి తన ఇంట్లో కూర్చుని నాలుగు గంటలు కాల్స్ తీసుకోవడానికి ఇప్పుడు చట్టం అడ్డు రాదు. ఆరు కుర్చీల గదికి తోడు ఇలాంటి ఇద్దరు ముగ్గురు ఇళ్ల నుంచి పనిచేస్తే, అద్దె పెరక్కుండా పని పెరుగుతుంది.

అప్పు కావాలంటే వడ్డీ వ్యాపారి గడప తొక్కేముందు కృష్ణగిరిలోని జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లండి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో సేవారంగ యూనిట్లకు ప్రాజెక్టు ఖర్చు పరిమితిని 2022లో 20 లక్షలకు పెంచారు. సాధారణ వర్గాలకు పట్టణంలో 15 శాతం, గ్రామంలో 25 శాతం సబ్సిడీ. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 25, 35 శాతాలు. హోసూరు 2019 నుంచి కార్పొరేషన్, అది పట్టణం లెక్క. బాగలూరు, బేరిగ లాంటి పంచాయతీ ఊళ్లు గ్రామం లెక్క. అదే గది కొంచెం దూరం జరిపితే సబ్సిడీ పది శాతం పెరుగుతుంది, అద్దె తగ్గుతుంది, బస్సు ఛార్జీ మిగులుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్టుగా ఉండి తర్వాత అప్పులో జమ అవుతుంది. దాన్ని జీతాల లెక్కలో కలుపుకోకండి. వెళ్లేముందు పథకం తాజా షరతులు అక్కడే అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు నా గుండె మండే సంగతి. ‘మీకు బీపీఓ ప్రాసెస్ ఇప్పిస్తాం. ఒక్కో సీటుకు ఇంత డిపాజిట్టు కట్టండి. నెలకు ఇంత గ్యారంటీ’ అంటూ తిరిగే దళారులున్నారు. మంచి బట్టలు, పెద్ద హోటల్లో మీటింగు, మెరిసే కాగితాల మీద ఒప్పందం. డబ్బు కట్టాక మొదటి నెల నకిలీ డేటా వస్తుంది. రెండో నెల ‘క్వాలిటీ బాగాలేదు’ అని బిల్లు కొట్టేస్తారు. మూడో నెల ఫోను ఎత్తరు. చదువుకున్న పిల్లలు, నాన్న అమ్మిన మామిడితోట డబ్బుతో ఇలా మోసపోతుంటే చూస్తూ ఊరుకోలేం. పని ఇచ్చేవాడు మీకు డబ్బు ఇస్తాడు. పని కోసం మీ దగ్గరే డబ్బు అడిగేవాడి దగ్గర పని లేదు. ఈ రెండు వాక్యాలు మీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా చెప్పండి.

ఇంకో రకం వాళ్లూ వస్తారు. ‘మీ గదిలో ఈ చిన్న పెట్టె పెట్టుకోండి, నెలనెలా అద్దె ఇస్తాం’ అంటారు. అందులో పదుల కొద్దీ సిమ్ కార్డులుంటాయి. అది దొంగ ఎక్స్ఛేంజి, పెట్టుకున్నవాణ్ణి జైలుకు పంపే పెట్టె. అమెరికా వాళ్లకు ఫోన్ చేసి పన్ను అధికారులమని బెదిరించే పనులు తెచ్చేవాళ్లనైతే గడప ఎక్కనివ్వకండి.

నిబద్ధతతో నడిపేవాళ్లకు చట్టం తెలియాలి. అమ్మకాల కోసం కాల్స్ చెయ్యాలంటే టెలిమార్కెటర్‌గా నమోదై, 140తో మొదలయ్యే నంబర్ల నుంచే చెయ్యాలి. మామూలు పది అంకెల సిమ్‌తో చేస్తే, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం మీ లైన్లన్నీ కోసేసి, బ్లాక్‌లిస్టులో పెట్టొచ్చు. అప్పుల వసూలు కాల్స్ తీసుకుంటే, పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదని రిజర్వు బ్యాంకు నియమం. అందుకే చిన్నవాళ్లకు నా సలహా ఒకటే. మనం చేసే కాల్స్ కంటే మనకు వచ్చే కాల్స్ మంచి పని. వచ్చిన ఫోను ఎత్తితే అవతలివాళ్లు సంతోషిస్తారు. పగటి షిఫ్టులో అయిపోతుంది, రాత్రుళ్లు ఆడపిల్లల్ని ఇళ్లకు చేర్చే బండి ఖర్చు ఉండదు, కన్నవాళ్లకు గుబులుండదు.

మరి పని ఎక్కడుంది? ఊరి చుట్టూ ఉంది. సిప్‌కాట్ పారిశ్రామికవాడ ఫ్యాక్టరీలను చూసి పెరిగినవాళ్లం, కాబట్టి పెద్ద గేట్ల వైపే చూస్తాం. టీవీఎస్, అశోక్ లేలాండ్, టైటాన్ మొదటిరోజే మనల్ని పిలవవు. బండ్ల సర్వీసు సెంటర్లు, పంటి డాక్టర్లు, స్కానింగు సెంటర్లు, గులాబీ తోటల నర్సరీలు, విత్తనాల కంపెనీలు, కృష్ణగిరి మామిడి గుజ్జు యూనిట్లకు సరుకు తోలే లారీ ఆఫీసులు, వీళ్లందరి దగ్గరా రోజూ ఫోన్లు మోగి మోగి ఆగిపోతున్నాయి. సొంత భాషలో జవాబు దొరికితే జనం ఎంత ఆశగా ఫోన్ చేస్తారో ప్రభుత్వానికీ తెలుసు. 2004 జనవరిలో మొదలైన కిసాన్ కాల్ సెంటర్ ఇన్నేళ్లుగా 22 భాషల్లో రైతులకు జవాబు చెబుతోంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108ను ఏ తెలుగువాడు మరిచిపోతాడు? ఫోనెత్తిన మనిషి భాష అర్థమైనందువల్లే ఎన్ని ప్రాణాలు నిలిచాయో.

బిల్లులు ఆలస్యమవుతాయన్న భయం కూడా ఉంటుంది. అందుకే చిన్న సంస్థల కోసం ఉన్న ‘ఉద్యమ్’ నమోదు మొదటిరోజే చేసుకోండి, పైసా ఖర్చు లేదు. ఆ నమోదున్న చిన్న సంస్థకు 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వకపోతే చక్రవడ్డీ కట్టాలని 2006 నాటి చిన్న సంస్థల చట్టం చెబుతోంది. ఒప్పందంలో గడువు రాసుకోండి. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వెయ్యండి. ఇక మీ దగ్గరికొచ్చే జనం ఫోన్ నంబర్లు, జబ్బుల వివరాలు పరాయి సొత్తు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. సొంత ఫోన్లు గది బయటే పెట్టించండి, కాగితాలు చించి పారేయించండి.

‘ఇప్పుడు మరమనుషులే మాట్లాడుతున్నారు కదా, ఈ పని ఎన్నాళ్లుంటుంది?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ‘మీ కిస్తీ రేపు’ అని గుర్తుచేసే పని వాటికే పోతుంది, పోనివ్వండి. కానీ ఆ కుప్పం పెద్దాయనకు ఫిల్టరు మూత తీయించిన మాట, తెలుగులో మొదలై తమిళంలోకి జారి కన్నడంలో ముగిసే మన సరిహద్దు మాట, కోపంతో ఫోన్ చేసినవాణ్ణి చల్లబరిచే మాట, వీటికి మనిషే కావాలి. కాబట్టి పిల్లలకు స్క్రిప్టు చదవడం నేర్పి వదిలెయ్యకండి. అవతలి దుకాణానికి తీసుకెళ్లి సరుకు చూపించండి, వాషరు చేత్తో పట్టించండి, గులాబీ ఎలా ప్యాక్ చేస్తారో చూపించండి. వాళ్ల విలువ పెరిగితే మీ కుర్చీ రేటు పెరుగుతుంది. జీతం మాత్రం చెప్పిన తేదీన పడాలి. ఈ చిన్న ఊళ్లలో మాట ఇట్టే పాకుతుంది. జీతం సరిగ్గా ఇచ్చే చోటికి మంచి పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు.

సరే, ఇంత విన్నారు కాబట్టి ఒక పని అప్పజెబుతున్నాను. గది వెతక్కండి, కంప్యూటర్ల ధరలు అడగకండి. వచ్చే సోమవారం మీకు తెలిసిన ముగ్గురు వ్యాపారుల దగ్గరికి వెళ్లండి. వాళ్ల ఫోన్లలో ఆ వారం ఎత్తని కాల్స్ ఎన్నున్నాయో వాళ్లనే లెక్కపెట్టమనండి. అందులో ఏ భాషవాళ్లు ఎందరో, దేనికోసం చేశారో రాసుకోండి. ‘ఈ ఫోన్లన్నీ మేం ఎత్తితే నెలకు ఎంత ఇస్తారు?’ అని అడగండి. ముగ్గురిలో ఇద్దరు ఒక అంకె చెప్పి, రాతపూర్వకంగా ఒప్పుకుంటే, రెండు కుర్చీలతో మొదలుపెట్టండి. ఆరుకు చేరేది ఆ తర్వాత సంగతి, చేరతారన్న నమ్మకం నాకుంది.